తోడులో దాచిన గొంతు

ఆస్పత్రివాళ్ళు భీమశంకరం గొంతును చిన్న నల్ల డబ్బీలో పెట్టి ఇచ్చారు. ఇస్తూ, పోగొట్టుకుంటే తమ పూచీ లేదని సంతకం కూడా పెట్టించుకున్నారు.

"మా దగ్గర ఇంకో కాపీ ఉండదమ్మా," అంది కౌంటర్లో అమ్మాయి. "మనిషి గొంతు మనిషి సొత్తు, ఆస్పత్రి అట్టేపెట్టుకోకూడదని రూలు. ఈ డబ్బీ కూడా ఎల్లకాలం పని చెయ్యదు. ఇంట్లో మంచి పరికరం చూసి అందులోకి ఎక్కించుకోండి. మళ్ళీ మీరు తెచ్చిస్తేనే మేం ఏదైనా చెయ్యగలం."

భీమశంకరం భార్య వకుళ ఆ డబ్బీని హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. విశాఖపట్నం నుంచి రామచంద్రపురం వచ్చేదాకా ఆ బ్యాగు ఒళ్ళోంచి దించలేదు. పక్కన కూర్చున్న శంకరం మాత్రం దారి పొడుగునా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. మాట్లాడే రోజులు ఇంకెన్నో లేవని తెలిసిన మనిషి ఆ మాత్రం మాట్లాడకుండా ఎలా ఉంటాడు!

శంకరం హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు. ఈల అక్కర్లేని డ్రిల్లు మేష్టారని ఊళ్ళో పేరు. మైదానం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పిల్లలు ఉలిక్కిపడి వరసలో నిలబడేవారు. కబడ్డీ పోటీల్లో మైకు పాడైనా ఆట ఆగేది కాదు. అలాంటి గొంతులో పుండు లేచింది. మందులిచ్చి పుండును కాస్త చిన్నది చేసి, ఎండలు ముదిరేలోగా స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు. ఊరంతటికీ వినపడే గొంతుకే రావాలా ఈ రోగం అని వీధిలో వాళ్ళంతా బాధపడ్డారు.

తీసెయ్యక ముందు నెల రోజుల పాటు అతని మెడకు ఒక పట్టీ కట్టి మాట్లాడించారు. పాఠాలు చదివించారు, నవ్వించారు, పిల్లల్ని కోప్పడమన్నారు, భార్యను పిలవమన్నారు. ఆ పట్టీ ధ్వనిని మాత్రమే రాసుకోలేదు. ఆ ధ్వని పుట్టేటప్పుడు మెడలో ఏ కండరం ఎలా కదిలిందో కూడా రాసుకుంది. కోత మానాక మెడలో ఓ యంత్రం అమర్చి, దానికి ఈ రాతంతా నేర్పుతారు. అప్పుడు మిగిలిన కండరాలు కదిలితే చాలు, యంత్రం శంకరం గొంతుతోనే శంకరం మాటలు పలుకుతుంది. ఫోన్లలో అతని వీడియోలు బోలెడు ఉన్నాయి కానీ, వాటిలో కండరాల కదలిక లేదు కాబట్టి అవి ఈ పనికి చాలవు. ఆ డబ్బీలో ఉన్నదే ఉన్నది.

వకుళ తమ్ముడు కిరీటికి కాకినాడలో కంప్యూటర్ల షాపు ఉంది. అక్క ఫోన్ చేసిన మర్నాడే అట్టపెట్టె చంకన పెట్టుకుని దిగాడు. హాల్లో బల్ల మీద పెట్టి విప్పాడు. టిఫిన్ డబ్బా అంత ఉంది ఆ పరికరం, ముందు రెండు తలుపులు.

"ఇంట్లో వైఫైకి తగిలిస్తే అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఇందులోకే రాసుకుంటాయక్కా. రాత్రింబవళ్ళు తిరగడానికి చేసిన డిస్కులు వేశాను, చవకవి వెయ్యలేదు. కరెంటు పోతే గబుక్కున చచ్చిపోకుండా పద్ధతిగా ఆగేందుకు బ్యాటరీ కూడా తెచ్చాను," అన్నాడు కిరీటి.

"ఒక డిస్కు పోతే?" అంది వకుళ. పెళ్ళి వీడియో ఉన్న డిస్కు కిందటేడు టిక్కుటిక్కుమని నాలుగు సార్లు మూలిగి ప్రాణం వదిలింది. అప్పట్నుంచీ డిస్కులంటే ఆవిడకు కోపం.

"రెండోది ఉంటుంది. రెంట్లోనూ ఒకటే రాత."

"రెండూ పోతే?"

"అందుకే మూడో కాపీ మా ఇంట్లో పెడతాను. దానికీ దీనికీ మాటలుండకూడదక్కా. ఒకదాన్ని చూసి ఒకటి రాసుకునే పెట్టెల్లో ఒకటి తప్పు రాస్తే రెండోది కూడా బుద్ధిగా ఆ తప్పే రాసుకుంటుంది. ఇంకో మాట, నెలకోసారి తెరిచి మొత్తం విని చూడాలి. ఫైలు పేరు కనపడుతోంది కదా అని ఊరుకోకూడదు."

శంకరం పడక్కుర్చీలోంచి నవ్వాడు. "ఏవోయ్ బావమరిదీ, నా గొంతు నెలకోసారి మొత్తం వినాలా? మీ అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పనే చేస్తోంది కదటోయ్."

వకుళ కూడా నవ్వింది కానీ ఆవిడ మనసు అప్పటికే వేరే చోట ఉంది. "ఇది పట్టుకెళ్ళిపోరా," అంది. "ఇంతకన్నా నమ్మకమైనది నా దగ్గర ఉంది."

"ఏంటక్కా అది?"

"పెరుగు."

కిరీటి బావగారి మొహం చూశాడు. బావగారు రెండు చేతులూ పైకెత్తి, నాకేం తెలీదు అన్నట్టు ఊపాడు. అక్క ఒకసారి అనుకున్నాక వెనక్కి తగ్గదని ఇద్దరికీ తెలుసు. కిరీటి బతిమాలి చూశాడు, "ఓ మూల పడుంటుంది, పోనీ ఉంచక్కా" అన్నాడు. ఉంచితే తన పని మీద తనకే నమ్మకం లేదన్నట్టు అవుతుందనిపించింది వకుళకు. ఆ పెట్టె మళ్ళీ అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఊరుకుని ఉంచేసుకున్నా సరిపోయేది. తర్వాత తర్వాత ఆవిడ ఈ మాట ఎన్నిసార్లు అనుకుందో చెప్పలేం.

వకుళ కాకినాడలో పాడి పరిశోధన కేంద్రంలో పని చేస్తుంది. పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల కడుపులో అక్షరాలు దాచవచ్చని కనిపెట్టింది ఆవిడే. ఆ జీవి ఒంట్లో జన్యువుల గొలుసు ఉంటుంది. ఆ గొలుసుకు కొన్ని లంకెలు అతికిస్తే, ఏ లంకె తర్వాత ఏ లంకె ఉందన్న వరసే రాత అవుతుంది. ఒక్కో జీవి ఒక్కో చిన్న ముక్కను మోస్తుంది. అన్ని ముక్కలూ కలిపి చదివితే మొత్తం వస్తుంది. డిస్కు ఉండేది ఒకటే, అది చస్తే అంతే. పెరుగు అలా కాదు, రోజూ పాలల్లో కాస్త తోడు వేస్తే తెల్లారేసరికి కోట్ల కాపీలు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. పైగా తోడు ఒక ఇంట్లో ఉండేది కాదు. మా ఇంట్లో విరిగిందని మీ ఇంటికి వస్తాం, మీ ఇంట్లో అయిపోయిందని మా ఇంటికి వస్తారు. వీధి వీధంతా ఒకదానికొకటి కాపు కాసే పెట్టెల వరస అవుతుంది.

కేంద్రం అధిపతి రత్నంగారికి ఈ ఆలోచన తెగ నచ్చింది. పై నుంచి అనుమతులు తెప్పించారు. తింటే ఏ హానీ లేదని పరీక్షలు చేయించారు, వీధిలో ఇళ్ళవాళ్ళంతా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమేమిటి, శంకరం మేష్టారి గొంతు మా ఇంట్లో పెట్టుకోమంటే వద్దంటామా అన్నారు.

జీవులు ఆ బరువు వదిలెయ్యకుండా వకుళ ఒక కట్టుబాటు పెట్టింది. ప్రతి ముక్క చివరా ఒక గుర్తు అతికించింది. గుర్తు పోగొట్టుకున్న జీవి బతకదు. పెరుగు సరైనదో కాదో చూడాలంటే ఆ గుర్తు ఉందో లేదో చూస్తే చాలు, చిటికెలో తేలిపోతుంది. మొత్తం చదవాలంటే మాత్రం కేంద్రంలో ఉన్న ఒక్కగానొక్క పెద్ద యంత్రం చాలా రోజులు తిరగాలి.

మొదటి గిన్నె తయారయ్యాక ఒక్కసారి మొత్తం చదివించింది. యంత్రం పక్కనున్న స్పీకర్లోంచి శంకరం గొంతు గది దద్దరిల్లేలా వచ్చింది: "లైనులో నిలబడండిరా, గొర్రెల్లా ఏంటా తోసుకోడం!" రత్నంగారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. ఆ వేళ ప్రయోగశాలలో అందరూ పడీ పడీ నవ్వారు. వకుళ కళ్ళు తుడుచుకుంది. మనిషి గొంతు కేంద్రం కంప్యూటర్లలో ఉంచకూడదని అక్కడి రాత చెరిపేసి, ఆ మొదటి పెరుగులో ఓ చుక్క తీసి, చిన్న సీసాలో పెట్టి, గడ్డకట్టించే పెట్టెలో భద్రం చేసింది. మిగిలింది ఇంటికి తెచ్చింది.

"నా గొంతు మజ్జిగ చేసి పోసేస్తావన్నమాట," అన్నాడు శంకరం గిన్నె వంక చూసి.

"మజ్జిగ కాదు, గడ్డ పెరుగే. మీ అమ్మగారి చేతికిస్తున్నాను, చూడండి ఎలా కాపాడతారో."

శంకరం తల్లి మాణిక్యాంబ ఆ గిన్నెను రెండు చేతులా అందుకుంది. కొడుకు గొంతు పుండు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడకు చెయ్యడానికి పని దొరకలేదు. డాక్టర్లూ మందులూ కోడలు చూస్తుంది, డబ్బు సంగతి కొడుకు చూస్తాడు. ఇప్పుడు కాపాడమని ఏదో ఒకటి చేతిలో పెట్టారు, ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం చెయ్యాలో చెప్పమ్మా," అంది.

"ఏం లేదత్తయ్యగారూ. రోజూ ఈ తోడే వెయ్యాలి. బయట తోడు కలపకూడదు. వీధిలో ఎవరడిగినా ఇదే ఇవ్వాలి. అంతే."

"నా కొడుకు గొంతు. ఇంకో తోడు కలుపుతానా నేను!"

మాట తప్పలేదు ఆవిడ. ఒక్క చుక్క బయటి పెరుగు ఆ ఇంట్లోకి రానివ్వలేదు. ఆవిడ అలవాటు ఆవిడకు ఉంది: రోజూ రెండు గిన్నెల్లో తోడు పెట్టి, ఏది గట్టిగా తోడుకుంటే మర్నాటి తోడు దాంట్లోంచి తీసేది. వెనకబడ్డ గిన్నె ఆ పూటే మజ్జిగ పులుసైపోయేది. ఆ ఇంట్లో పెరుగు రుచికి వీధిలో అంత పేరు రావడం ఊరికే రాలేదు మరి.

మొదట్లో ఆ పెరుగు కాస్త మందకొడిగా ఉండేది, మధ్యాహ్నానికి గానీ గట్టిపడేది కాదు. మాణిక్యాంబ రెండు గిన్నెల్లో మేలైనది ఎంచుకుంటూ వచ్చేసరికి క్రమంగా బాగుపడింది. పొరుగువాళ్ళు తమ ఇంట్లోది నెమ్మదించినప్పుడల్లా వచ్చి ఓ చెంచా పట్టుకెళ్ళేవారు. ఆవిడ కూడా కొడుకు గొంతు పంచుతున్నానన్న మురిపెంతో కొసరి కొసరి పెట్టేది.

ఎదురింటి సుభద్రతో మాత్రం పేచీ వచ్చింది. ఆవిడ అందరితో పాటు మొదట తోడు పట్టుకెళ్ళినదే. నెల తిరక్కుండానే ఓ సాయంత్రం చుట్టాలు దిగారని, గిన్నెడు పెరుగు ఇవ్వమని వచ్చింది. అప్పటికి దీపాలు పెట్టేశారు. దీపాలు పెట్టాక పెరుగు గడప దాటించకూడదంది మాణిక్యాంబ.

"చుట్టాలకి మజ్జిగైనా లేకుండా పంపమంటారా వదినగారూ?"

"ఆచారం ఆచారమేనండి. పొద్దున్న రండి, రెండు గిన్నెలిస్తాను."

"ఇంకెప్పుడూ రానులెండి. మా ఇంట్లో ఉన్నదేదో మాకు చాలు."

అని వెళ్ళిపోయింది సుభద్ర. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎదురెదురు వాకిళ్ళలో ముగ్గులు పెట్టుకుంటూ కూడా మాట్లాడుకునేవారు కాదు.

ఎండలు మొదలయ్యాక శంకరానికి ఆపరేషన్ అయింది. థియేటర్లోకి తీసుకెళ్ళేముందు అతను వకుళ చెయ్యి పట్టుకుని, "పెరుగు జాగ్రత్త," అన్నాడు. అతను సొంత గొంతుతో పలికిన ఆఖరి మాట అదే. ఏదైనా గొప్ప మాట అనాలనుకుని ఉంటాడు కానీ, భయం వేసినప్పుడు ఎవరికైనా వేళాకోళమే నోటికొస్తుంది.

ఇంటికొచ్చాక శంకరం ఫోన్లో టైపు చేసి చూపించడం నేర్చుకున్నాడు. బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఈల కొన్నాడు. ఈల ఊదితే పిల్లలు వరసలో నిలబడ్డారు కానీ, ఎవరూ నవ్వలేదు. తల్లిని పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. మాణిక్యాంబ ఎక్కడున్నా పరుగున వచ్చి, "ఇంకెన్నాళ్ళు నాన్నా, శీతాకాలానికి నీ గొంతు నీకొచ్చేస్తుంది, నేను కాపాడుతున్నానుగా," అనేది. అతను తలూపేవాడు. ఆ ఇంట్లో ముగ్గురూ ఆ శీతాకాలం కోసమే బతికారు.

వానాకాలంలో ఓ ఆదివారం వకుళ అన్నంలో పెరుగు కలుపుకుని ఆగిపోయింది. కత్తితో కోస్తే ముక్కలయ్యేంత గట్టిగా, కమ్మగా ఉంది. రాత్రి వేసిన తోడుకు మధ్యాహ్నం దాకా ఆగక్కర్లేకుండా పోయింది. "అత్తయ్యగారూ, మీ చేతిలో ఏముందండీ! నా ప్రయోగశాలలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు," అంది. మాణిక్యాంబ సిగ్గుపడిపోయి ఇంకో గరిట వడ్డించింది.

మర్నాడు ఆ పెరుగు కేంద్రానికి పట్టుకెళ్ళి గుర్తు కోసం చూసింది. నూటికి నూరుపాళ్ళూ ఉంది. మొత్తం చదివిద్దామా అనుకుంది. యంత్రం వేరే పనిలో ఉంది, గుర్తు ఉన్నాక ముక్క ఎక్కడికి పోతుంది అనుకుంది. ఇంటి పాలకూ, ఇంటి వేడికీ ఈ జాతి అలవాటు పడిందని, బరువు మోస్తూనే చురుగ్గా పెరగడం నేర్చుకుందని సంబరపడింది. రత్నంగారితో ఆ మాటే చెబితే ఆయనా సంబరపడ్డారు. గడ్డకట్టించే పెట్టెలో చోటు తక్కువ. వకుళ ఆ మందకొడి మొదటి సీసా తీసి పారబోసి, దాని స్థానంలో ఈ కమ్మటి పెరుగు సీసా పెట్టింది. ఆవిడకు అనుమానం కూడా రాలేదు. నెయ్యి అని చీటీ ఉంది కదా అని డబ్బా మూత తియ్యకుండా అటక మీద పెట్టేసినట్టు పెట్టేసింది.

ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. కాలువకు గండి పడి వీధిలోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. మనుషులంతా మేడల మీద తలదాచుకున్నారు. నీళ్ళు తీశాక చూస్తే కింది గదిలో బీరువా బోర్లా పడి ఉంది. గొంతు కాపీ చేసుకున్న లాప్‌టాప్, దాని పక్కన పెట్టిన నల్ల డబ్బీ బురదలో నానుతున్నాయి. కిరీటి వచ్చి రెంటినీ విప్పి, కడిగి, ఆరబెట్టి, తనకు తెలిసినవాళ్ళందరి చుట్టూ తిరిగాడు. ఏమీ రాలేదు. అయినా ఎవరూ బెంగపడలేదు. మాణిక్యాంబ మేడ ఎక్కుతూ ఇంకేమీ పట్టుకోకుండా పెరుగు గిన్నె ఒక్కటీ పట్టుకుని ఎక్కింది మరి.

"చూశావా, నీ పెట్టెలైతే ఈపాటికి బురదలో ఉండేవి," అంది వకుళ తమ్ముడితో.

"మా ఇంట్లో పెడతానన్న మూడోది ఉండేది కదక్కా," అని మాత్రం అన్నాడు కిరీటి. ఆవిడ వినిపించుకోలేదు.

చలి మొదలవుతుండగా ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. కోత బాగా మానింది, గొంతు తీసుకుని రమ్మన్నారు. వకుళ పెరుగు గిన్నె పట్టుకెళ్ళి కేంద్రంలో పెద్ద యంత్రానికి ఇచ్చింది.

మొదటి రోజు స్పీకర్లోంచి ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. తెర మీద గుర్తు, గుర్తు, గుర్తు. గుర్తుకు ముందు ఉండాల్సిన ముక్క లేదు. గొలుసులో మోత బరువున్న లంకెలన్నీ ఊడిపోయి, బతకడానికి కావలసిన ఆ ఒక్క గుర్తూ మిగిలింది. వకుళ గడ్డకట్టించిన సీసా తెప్పించి చదివించింది. అదీ అంతే. ఎక్కడో ఒకచోట మాత్రం స్పీకరు "ఊఁ" అంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య శంకరం ఊరికే పలికే ఊకారం అది. అన్నింటికన్నా చిన్న ముక్క, బరువు లేనిది కాబట్టి మిగిలింది. రత్నంగారు స్పీకరు కట్టేశారు.

అప్పుడు అర్థమైంది వకుళకు. ముక్కను వదిలేసిన జీవికి మోత తగ్గుతుంది, అది చకచకా పెరుగుతుంది, ఆ గిన్నె ముందుగా గట్టిపడుతుంది. అత్తగారు రోజూ ఆ గిన్నెనే ఎంచింది. ఎంచి వీధంతా పంచింది. అన్ని ఇళ్ళలోనూ ఉన్నవి వేర్వేరు కాపీలు కావు, ఒక్క వంటింట్లో ఎంచిన ఒక్క గిన్నె. అత్తగారిని ఏమంటుంది! పెరుగు గట్టిగా ఉందని మెచ్చుకుని, మందకొడి సీసాను చేతులారా పారబోసింది తానే కదా. అత్తగారికి తెలియదు. తనకు తెలిసి ఉండాల్సింది. ఇంత చదువు చదివీ నాలుక చెప్పిన మాటే విన్నానని ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది.

సాయంత్రం వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఒక్కో చెంచా పెరుగు అడిగింది. "మీ అత్తగారి తోడేనండి, ఎంత బాగా తోడుకుంటుందో!" అని ప్రతి ఇంటివాళ్ళూ మురిసిపోతూ పెట్టారు. చూస్తేనే తెలుస్తోంది, ఏ గిన్నె చూసినా గడ్డలా, కమ్మగా. ఇక ఆశ లేదనుకుని వెనక్కి వస్తుంటే ఎదురింటి అరుగు మీద సుభద్ర కనిపించింది.

సుభద్ర మొదట్లోనే విడిపోయింది కదా! అత్తగారి గిన్నెల్లో ఎంపిక ఇంకా ముదరక ముందు తీసుకెళ్ళిన తోడు అది. ఆ తర్వాత ఈ ఇంటి చుక్క ఆ ఇంటికి పోలేదు. కిరీటి చెప్పిన, మాటల్లేని మూడో పెట్టె అదే. వకుళ పరుగులాంటి నడకతో ఆ మెట్లెక్కింది.

"సుభద్రగారూ, మీ పెరుగు ఎలా తోడుకుంటోందండీ?"

"అదేం ప్రశ్నమ్మా?" అంది సుభద్ర నవ్వుతూ. "భేషుగ్గా తోడుకుంటోంది. ఇదివరకు నా తోడు పరమ నెమ్మదమ్మా. మధ్యాహ్నానికి కూడా పలచగా నీళ్ళోడుతుండేది. మా ఆయన రోజూ సణిగేవారు. అయినా పౌరుషం కొద్దీ మీ గడప తొక్కలేదు."

"ఆ తోడు... ఆ నెమ్మదిది... ఉందా అండీ?"

"ఇంకా ఎక్కడమ్మా! మేష్టారికి ఆపరేషనైన రోజున మీరంతా విశాఖపట్నంలో ఉన్నారు కదా. మీ అత్తగారు ఒక్కరే ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే నాకు మనసొప్పలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను పట్టుకుని, ఆ రోజు నీకు పెరుగివ్వలేదు వదినా, ఆ ఉసురే నా కొడుక్కి తగిలిందేమో అని బావురుమన్నారు. అప్పటికి దీపాలు పెట్టేశాం. అయినా ఆచారం గీచారం లేదని ఆవిడే స్వయంగా గిన్నెడు పెరుగు తెచ్చి నా చేతిలో పెట్టారు. దండం పెట్టి తీసుకున్నాను. నాది మొక్కల్లో పారబోసి, ఆవిడదే తోడేసుకున్నాను. అప్పట్నుంచీ మా ఇంట్లోనూ అదే."

నెమ్మదిగా తోడుకుందంటే మోత దిగలేదన్నమాట. వీధి మొత్తంలో ఆ ఒక్క గిన్నెలో శంకరం గొంతు ఆపరేషన్ రోజు దాకా ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి కన్నీళ్ళు ఒకరు తుడుచుకున్న పూట అది పోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? సుభద్ర లోపలికెళ్ళి ఓ గిన్నెడు తెచ్చి చేతిలో పెడితే, వకుళ కాదనలేక తీసుకుని ఇంటికొచ్చింది.

శంకరానికి మేడ మీద చెప్పింది. పెట్టె తిప్పి పంపిన దగ్గర్నుంచి, సీసా పారబోసిన సంగతితో సహా ఏదీ దాచలేదు. అతను గోడకానుకున్నాడు. తర్వాత ఫోన్లో టైపు చేసి చూపించాడు: "వీధంతా తిన్నారు. అరిగిపోయింది."

ఆ వేళాకోళం చదివి వకుళ మొహం చేతుల్లో దాచుకుంది. అతను మళ్ళీ టైపు చేసి ఆవిడ భుజం తట్టాడు. "అమ్మకు ఎలా పోయిందో చెప్పకు. గొంతు పోయినా నేనున్నాను. తన చేత్తోనే పోయిందని తెలిస్తే అమ్మ ఉండదు."

"మీకు నా మీద కోపం రావట్లేదా?"

అతను వేలు ఫోన్ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "వస్తోంది," అని రాశాడు. ఆ మాట అబద్ధం కానందుకు వకుళకు ఒక విధంగా ఊరటగానే ఉంది.

కింద మాణిక్యాంబ ఎదురుచూస్తూ కూర్చుంది. "వచ్చిందా అమ్మాయ్? నా తోడు బాగానే ఉందా?"

"మీ తోడుకేం అత్తయ్యగారూ. బంగారంలా ఉంది. మా కేంద్రంలో యంత్రం పాడైపోయింది. చదవలేకపోయాం."

"అదే నేననేది. పెరుగును నమ్మొచ్చు గానీ యంత్రాన్ని నమ్మకూడదమ్మా," అంది ఆవిడ బాధగా. వంటింట్లోకి వెళ్ళి, బాగైతే మళ్ళీ కావాల్సొస్తుందని, రోజూలాగే రెండు గిన్నెల్లో తోడు పెట్టింది. వకుళ ఆ గిన్నెల వంక చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయింది.

వీడియోల్లోని ధ్వని ఆ యంత్రానికి ఎక్కదని, చివరికి ఆస్పత్రివాళ్ళు యంత్రంతో పాటు వచ్చే తయారీ గొంతుల్లోంచే ఒకటి ఎంచుకోమన్నారు. టీవీలో వార్తలు చదివేవాళ్ళ గొంతుల్లా నున్నగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉన్నాయన్నీ. శంకరం ఏదీ పూర్తిగా వినకుండానే ఒకదాని మీద వేలు పెట్టాడు. ఫోన్లో టైపు చేసి మీట నొక్కితే మెడలోని యంత్రం ఆ గొంతుతో పలుకుతుంది. వకుళ ఆస్పత్రిలో ఆ గొంతు విన్నప్పుడు తలవంచుకుంది. ఎవరో పెద్దమనిషి తన భర్త ఒంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఇంటికొచ్చేదాకా అతను ఇంక ఆ మీట నొక్కలేదు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి మాణిక్యాంబ వంటింట్లో, వీపు ఇటు తిప్పి పాలు కాస్తోంది. వీధి తలుపు తీసే ఉంది. శంకరం చెప్పులు విప్పి హాల్లో నిలబడ్డాడు. చప్పట్లు కొట్టడానికి అలవాటుగా చేతులు ఎత్తి, వకుళ వంక చూసి, దించేశాడు. ఫోన్ తీసి రెండక్షరాలు టైపు చేశాడు. మీట నొక్కాడు.

"అమ్మా," అంది ఆ గొంతు, చాలా స్పష్టంగా.

మాణిక్యాంబ స్టవ్ తగ్గించింది. పమిట సర్దుకుని, భుజం నిండా కప్పుకుంది.

"ఎవరండీ?" అంది లోపల్నుంచే, మర్యాదగా. "మా అబ్బాయి ఇంకా ఊరినుంచి రాలేదండి. కూర్చోండి, వచ్చేస్తాడు."